గుర్రాలతో ఉద్యోగం చేయాలనుకునే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా అమ్మాయి ఇంటర్మీడియట్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మా బావమరిది పెళ్లి బారాత్‌లకు గుర్రాలను అద్దెకు ఇస్తాడు. చిన్నప్పటి నుంచి సెలవులన్నీ అక్కడే గడపడం వల్ల, వాటికి దాణా పెట్టడం, ఒళ్లు తోమడం, గిట్టలు శుభ్రం చేయడం మా అమ్మాయికి బాగా అలవాటైంది. ఇప్పుడు గుర్రాలకు సంబంధించిన చదువే చదువుతానని, ఆ రంగంలోనే ఉద్యోగం చేస్తానని గట్టిగా చెబుతోంది.

హైదరాబాద్‌లో విదేశీ చదువులకు పంపే ఒక కన్సల్టెన్సీ వారిని కలిశాము. ఇంగ్లండ్‌లో మూడేళ్ల ఈక్వైన్ సైన్స్ (గుర్రాల శాస్త్రం) డిగ్రీ ఉందని, అది పూర్తి చేసి వస్తే ఇక్కడ గుర్రాల డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చని వారు చెప్పారు. అందుకయ్యే ఖర్చు చూస్తే, మాకున్న రెండెకరాలు అమ్మినా సరిపోయేలా లేదు. అమ్మాయి కోరిక కాదనడం నాకు ఇష్టం లేదు. అలాగని తెలియని దారిలో అప్పు చేసి పంపడానికి ధైర్యం చాలడం లేదు. వారు చెప్పినది నిజమేనా, మన దగ్గర ఇలాంటి చదువు ఉందా, చదివాక పని ఎక్కడ దొరుకుతుంది, ఆడపిల్లకు ఈ రంగం ఎలా ఉంటుంది అన్న విషయాలు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పశువైద్యుడు, జడ్చర్ల

సార్, ముందుగా అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెబుతాను. ఈక్వైన్ సైన్స్ డిగ్రీ పశువైద్య డిగ్రీ కాదు. మన దేశంలో పశువులకు వైద్యం చేయాలంటే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం గుర్తింపు పొందిన పశువైద్య పట్టా ఉండాలి, ఆ పట్టాతో పశువైద్య కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. మూడేళ్ల ఈక్వైన్ సైన్స్‌తో వచ్చినవారు గుర్రాల పోషణ, పెంపకం, శిక్షణ, నిర్వహణ వంటి పనులు చేయవచ్చు. సూది వేసి, మందు రాసి, ఆపరేషన్ చేసే అధికారం మాత్రం వారికి ఉండదు. డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చని మీకు చెప్పినవారు పూర్తిగా తప్పు చెప్పారు. ఆ ఒక్క మాట నమ్మి పొలం అమ్మవద్దు.

మీ అమ్మాయి బైపీసీ చదువుతోంది కాబట్టి మంచి దారి ఇంటి దగ్గరే ఉంది. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గరి మామునూరులో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. అక్కడి పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. ఇతర రాష్ట్రాల కాలేజీల్లో 15 శాతం సీట్లను అఖిల భారత కోటా కింద నీట్ ర్యాంకు ఆధారంగా భర్తీ చేస్తారు కాబట్టి, నీట్‌కు తప్పనిసరిగా దరఖాస్తు చేయించండి. మన రాష్ట్రపు సీట్ల కోసం ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్‌ను పూర్తిగా చదవండి.

మన వెటర్నరీ చదువులో ఆవు, గేదె, గొర్రె, కోడి ప్రధానంగా ఉంటాయి, గుర్రానికి తక్కువ చోటు దక్కుతుంది. అందువల్ల గుర్రాల వైద్యంలో నిలదొక్కుకోవాలనుకునే విద్యార్థి సెలవుల్లోనూ ఇంటర్న్‌షిప్‌లోనూ గుర్రాలున్న చోట పని నేర్చుకోవాలి. తర్వాత సర్జరీలోనో, మెడిసిన్‌లోనో, గైనకాలజీలోనో ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేస్తూ గుర్రాల మీద పరిశోధనాంశం తీసుకోవచ్చు. హర్యానాలోని హిసార్‌లో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది, దానికి బికనీర్‌లో మరో ప్రాంగణం ఉంది. మార్వాడీ, కాఠియావాడీ వంటి దేశీయ జాతుల సంరక్షణ, గుర్రాల వ్యాధుల నిర్ధారణ, టీకాల తయారీ అక్కడ జరిగే పనులు. సైన్యంలో జంతువుల పెంపకం, వైద్యం చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది, దాని శిక్షణ కేంద్రం మీరట్‌లో ఉంది. బీవీఎస్సీ పూర్తి చేసినవారిని అందులో షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులుగా తీసుకుంటారు, ఇప్పుడు ఆడపిల్లలకు కూడా ఆ అవకాశం ఇస్తున్నారు.

గుర్రం వైద్యం మిగతా పశువుల వైద్యానికి ఎంత భిన్నమో మీ అమ్మాయికి అర్థం కావాలని ఒక సంగతి చెబుతాను. ఒక పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పొద్దుపోయాక బారాత్ గుర్రం ఒకటి పడిపోయి లేస్తోందని కబురు వచ్చి వెళ్లాను. విందులో మిగిలిన అన్నాన్ని ప్రేమతోనే గంప నిండా దాని ముందు పోశారు. నేను వెళ్లేసరికి అది ముందరి కాలితో నేలను తవ్వుతూ, మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్కను చూసుకుంటోంది. మెడంతా చెమటతో తడిసిపోయింది. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, దీనికి అది 70 దాటింది. డొక్కకు రెండు వైపులా స్టెతస్కోపు పెట్టి విన్నా, ఎప్పుడూ వినిపించవలసిన పేగుల చప్పుడు వినిపించలేదు. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు, దాని శరీర నిర్మాణమే అంత. దాని జీర్ణాశయం ఒంటితో పోలిస్తే చాలా చిన్నది కాబట్టి, అది నిండి ఉబ్బితే పగిలిపోయే ప్రమాదం ఉంటుంది. ముక్కు రంధ్రం గుండా గొట్టం దించి, పులిసిన ద్రవాన్ని బయటికి తీసి, సెలైన్ ఎక్కించి తెల్లవారే దాకా దగ్గరే ఉన్నాము. గుర్రం బతికింది. అయితే మర్నాటికి ముందరి గిట్టలు రెండూ వేడెక్కాయి. జీర్ణం కాని పిండి పదార్థం పెద్దపేగులో పులిసి ఆమ్లంగా మారితే, అక్కడ పుట్టిన విషాలు రక్తంలో కలిసి, గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలను దెబ్బతీస్తాయి. దీన్ని లామినైటిస్ అంటారు. ఆ గుర్రం మళ్లీ సరిగా అడుగు వేయడానికి నెలలు పట్టింది.

మీ బావమరిది గారికి కూడా ఈ విషయం చెప్పండి. గుర్రం రోజంతా కొద్దికొద్దిగా మేస్తూ ఉండవలసిన జంతువు. దాని శరీర బరువులో కనీసం ఒకటిన్నర శాతం మేర ఎండుమేత రోజూ అందాలి. ఉలవలైనా తవుడైనా ఆ మేత తర్వాతే, అదీ రెండు మూడు పూటలుగా విభజించి పెట్టాలి. ధనుర్వాతం మిగతా పశువుల కంటే గుర్రానికి సులభంగా సోకుతుంది కాబట్టి టీకా తప్పనిసరిగా వేయించాలి.

సమాధానం: మలక్‌పేట స్టేబుల్‌లో పనిచేసే వ్యక్తి, సొంతూరు కల్వకుర్తి

డాక్టర్ గారు వైద్యం వైపు వివరంగా చెప్పారు. నేను రేసుల వైపు చెబుతాను. మలక్‌పేటలో ఒక ట్రైనర్ దగ్గర సహాయకుడిగా ఉన్నాను. సైస్ పనితో, అంటే గుర్రాల ఆలనాపాలనా చూసే పనితో, మొదలుపెట్టి ఇక్కడికి వచ్చాను.

మన ప్రాంతానికి గుర్రాలతో ఉన్న సంబంధం పాతది. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే, 1886లో, హైదరాబాద్ రేసులు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని పిలిచే బస్తీ, ఆఫ్రికా సంతతి ఆశ్విక సైనికులు నివసించిన చోటు. ఆ దళం మూలాలు వనపర్తి సంస్థానంలో ఉన్నాయి. మా వైపు పిల్లలు గుర్రాల పని కోరుకుంటే పెద్దలు వింతగా చూస్తారు కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఇక పని విషయానికి వస్తే, స్టేబుల్‌లో రోజు తెల్లవారుజామున నాలుగింటికే మొదలవుతుంది. ట్రాక్ మీదికి పంపే ముందు ప్రతి గుర్రం నాలుగు కాళ్లనూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేతితో నిమురుతాము. కాలి వెనుక స్నాయువు (టెండన్) వెంబడి నిన్న లేని వేడి గానీ, సెనగబద్దంత ఉబ్బు గానీ తగిలితే ఆ రోజు ఆ గుర్రం పరుగు తీయదు. ఆ తేడా పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. ఒకే గుర్రం కాళ్లను ప్రతి ఉదయం పట్టి చూసిన చేతికే తెలుస్తుంది. పరుగు నుంచి వచ్చాక ఊపిరి, గుండె తిరిగి మామూలు స్థితికి ఎంతసేపట్లో వస్తున్నాయో గమనిస్తూ నడిపించాలి. దాణా తొట్టిలో ఎంత మిగిల్చిందో, పేడ ఎలా ఉందో చూసి ట్రైనర్‌కు చెప్పాలి. దాదాపు నెలకొకసారి నాల్‌బంద్ వచ్చి నాడాలు మారుస్తాడు. గిట్ట పైఅంచు నుంచి నేల దాకా పూర్తిగా కొత్తగా పెరగడానికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి, నాల్‌బంద్ ఒక మేకు తప్పుగా కొడితే దాని ఫలితాన్ని గుర్రం నెలల తరబడి అనుభవిస్తుంది. మంచి నాల్‌బంద్‌లు దేశమంతటా తక్కువే. ఈ పనిలో నైపుణ్యం ఉన్నవాడికి పని దొరకలేదన్న మాట నేను ఇంతవరకు వినలేదు. చదువుకున్న పిల్లలు ఎందుకో ఈ వృత్తి వైపు చూడరు.

మీరు తెలుసుకోవలసిన కష్టం కూడా ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు మాత్రమే, 2012తో పోలిస్తే దాదాపు 45 శాతం తగ్గాయి. రేసుల ఆదాయం మీద పన్ను భారం కూడా పెరిగింది. 2023 అక్టోబర్ 1 నుంచి పందెం పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ విధించారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతానికి చేరింది. ఆ ప్రభావం గుర్రాల యజమానుల మీద, వారి ద్వారా మా జీతాల మీద పడుతోంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, ఆదాయం తగ్గినా గుర్రానికి పెట్టే ఖర్చు తగ్గదు. కాబట్టి రేసుల మీద మాత్రమే ఆధారపడే చదువు కంటే, ఇంకో పనికి కూడా అక్కరకు వచ్చే చదువు ఉండడం మంచిదని నా అభిప్రాయం.

రేసులు కాక, శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పుతారు, అక్కడ గుర్రాలు ఉన్నాయి. నగర పోలీసులకు అశ్వదళం ఉంది. నగరం చుట్టూ రైడింగ్ స్కూళ్లు పెరుగుతున్నాయి.

ఆడపిల్లల సంగతి అడిగారు. సైస్‌లలో దాదాపు అందరూ మగవారే, ఇది నిజం. స్వారీ నేర్పేవారిలో, పశువైద్యుల్లో మాత్రం ఆడపిల్లలు బాగానే కనిపిస్తున్నారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ (రౌతు సైగల ప్రకారం గుర్రం చేసే కదలికల పోటీ) జట్టు విభాగంలో మన దేశానికి స్వర్ణం వచ్చింది. ఆ నలుగురి జట్టులో దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా అనే ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. గుర్రపు స్వారీలో మన దేశానికి స్వర్ణం రావడం 1982 తర్వాత అదే మొదటిసారి.

సమాధానం: కోదాడ అమ్మాయి, ఇప్పుడు పుణె దగ్గర ఒక స్టడ్ ఫామ్‌లో (గుర్రాల పెంపక కేంద్రం)

నేను ఇంగ్లండ్‌లో ఈక్వైన్ సైన్స్ చదివి వచ్చాను. పై ఇద్దరూ చెప్పినది సరైనదే. అయినా ఆ చదువుకు విలువ లేదన్న అభిప్రాయం మీకు కలగకూడదని రాస్తున్నాను.

ఆ డిగ్రీలో గుర్రం శరీరం ఎలా పనిచేస్తుందో లోతుగా చెబుతారు. పరుగెత్తేటప్పుడు గుర్రం ప్లీహం కుంచించుకుని, అందులో దాచి ఉంచిన ఎర్ర రక్తకణాలను రక్తంలోకి విడుదల చేస్తుంది. గుండె వేగం నిమిషానికి 30 చిల్లర నుంచి 220 దాకా పెరుగుతుంది. పూర్తి దౌడులో ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి చొప్పున, శ్వాస అడుగుతో ముడిపడి సాగుతుంది. ఈ మూడు విషయాలు తెలిసిన తర్వాత శిక్షణ పథకాన్ని చూసే తీరే మారిపోతుంది. ఇవి కాక పోషణ, నడక తీరు విశ్లేషణ, ప్రవర్తన, సంతానోత్పత్తి, వ్యాపార నిర్వహణ కూడా ఉంటాయి. ఇంగ్లండ్‌లో హార్ట్‌పురీ, వేల్స్‌లో అబరిస్ట్విత్, ఐర్లాండ్‌లో లిమరిక్, అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కోర్సులకు పేరుంది. ఐర్లాండ్‌లోని కిల్డేర్‌లో ఐరిష్ నేషనల్ స్టడ్ వారు జనవరి నుంచి జూన్ దాకా నడిపే గుర్రాల పెంపకం కోర్సు ఉంది. మూడేళ్ల డిగ్రీతో పోలిస్తే అది చాలా తక్కువ కాలంలో పూర్తవుతుంది, పని చేస్తూనే నేర్చుకుంటారు. డిగ్రీ పూర్తయినవారికి గొడోల్ఫిన్ అనే రేసు గుర్రాల సంస్థ ఇచ్చే రెండేళ్ల ఫ్లయింగ్ స్టార్ట్ శిక్షణకు ఖర్చంతా సంస్థే భరిస్తుంది, కాకపోతే పోటీ చాలా తీవ్రంగా ఉంటుంది.

నా పని ఇప్పుడు ఎక్కువగా తల్లి గుర్రాలతో. గుర్రం దాదాపు పదకొండు నెలలు మోస్తుంది, ఎక్కువగా రాత్రిపూట ఈనుతుంది. పుట్టిన పిల్ల గంటలోపు లేచి నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, మూడు గంటల్లోపు తల్లికి మాయ పడాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా డాక్టరుకు కబురు చేస్తాము. తల్లి కడుపులో ఉండగా పిల్లకు రోగనిరోధక శక్తి అందదు, జున్నుపాల ద్వారానే అందాలి. పుట్టిన మొదటి రోజు దాటితే పేగులు ఆ పదార్థాలను పీల్చుకోలేవు. అందుకే లేవలేక తడబడే పిల్లను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, చన్ను దొరికే దాకా నిలబెట్టడం మా పనిలో భాగం. మోకాళ్ల దాకా గడ్డి, ఒంటి నిండా తడి, నిద్ర లేని రాత్రి, ఇవన్నీ ఉంటాయి. ఈ పని ఇష్టంగా చేయగలిగినవారే ఇందులో నిలుస్తారు.

మీరు అడిగిన డబ్బు విషయంలో నేను సూటిగా చెబుతాను. ఇక్కడికి తిరిగి వచ్చాక దొరికే తొలి జీతాలతో అక్కడి చదువు అప్పు తీర్చడం చాలా కష్టం. నాకు స్కాలర్‌షిప్ రావడం వల్ల, ఇంటివారికి స్థోమత ఉండడం వల్ల సాధ్యమైంది. భూమి అమ్మి పంపవలసిన పరిస్థితిలో నేను ఈ డిగ్రీ సలహా ఇవ్వను. ముందు ఇక్కడ బీవీఎస్సీ చేసి, ఆ తర్వాత ఆసక్తి ఉంటే విదేశాల్లో చిన్న కోర్సుకో, గుర్రాల ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్‌కో వెళ్లడం అన్ని విధాలా క్షేమం.

మళ్లీ ప్రశ్న అడిగిన తండ్రి

మీ అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. జున్నుపాల సంగతి రెండుసార్లు చదివించుకుంది. మరో రెండు సందేహాలు. వెటర్నరీలో సీటు వచ్చేంత ర్యాంకు రాకపోతే ఏం చేయాలి? ఇంకొకటి, వేసవిలో కొన్నాళ్లు ఎక్కడైనా పని నేర్చుకోవడానికి పంపాలంటే ఎవరిని అడగాలి?

సమాధానం: పశువైద్యుడు, జడ్చర్ల

మొదటి ప్రయత్నంలో రాకపోతే, ఆర్థికంగా వీలుంటే ఇంకో ఏడాది రాయించండి. బీవీఎస్సీకి ఉన్న విలువను బట్టి ఒక ఏడాది ఆగడం నష్టం కాదు. అప్పటికీ రాకపోతే జంతుశాస్త్రం ప్రధానాంశంగా బీఎస్సీ చేయవచ్చు. ఆ తర్వాత గుర్రాల పోషణ లేదా సంతానోత్పత్తి విషయంలో పీజీ చేస్తే, మూడేళ్ల విదేశీ డిగ్రీ కంటే ఖర్చు బాగా తగ్గుతుంది. మహబూబ్‌నగర్‌లో పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది. అందులో రెండేళ్ల డిప్లొమాకు పదో తరగతి అర్హతతో పాలిసెట్ ర్యాంకు ద్వారా సీట్లు ఇస్తారు. ఇంటర్ బైపీసీ దాకా వచ్చిన మీ అమ్మాయికి అది మొదటి ఎంపిక కాకూడదు గానీ, ఈ సమాధానం చదువుతున్న పదో తరగతి పిల్లలెవరైనా ఉంటే వారికి మంచి దారి. డిప్లొమా చేసినవారు డాక్టరు పర్యవేక్షణలో ప్రాథమిక సేవలే చేయాలి, ఆ హద్దు గుర్తుంచుకోవాలి.

సమాధానం: మలక్‌పేట స్టేబుల్‌లో పనిచేసే వ్యక్తి, సొంతూరు కల్వకుర్తి

రెండో సందేహానికి నేను చెబుతాను. రేసు స్టేబుల్స్‌లోకి బయటివారిని ఊరికే రానివ్వరు. గుర్రాల భద్రత కోసం, రోగాలు రాకుండా ఉండడం కోసం ఆ కట్టుబాటు ఉంది. కొత్తగా నేర్చుకునే అమ్మాయికి రైడింగ్ స్కూలే సరైన చోటు. వెళ్లిన మొదటి రోజే ఫీజు కట్టవద్దు. ఉదయం పూట చెప్పకుండా వెళ్లి, గుర్రాల కాళ్ల కింద నేల పొడిగా ఉందా, తొట్లలో నీళ్లు తేటగా ఉన్నాయా, జీను కింద వీపు మీద పుండ్లు ఉన్నాయా అని చూడండి. హెల్మెట్ లేకుండా గుర్రాలు ఎక్కే పిల్లలు కనిపిస్తే, అక్కడి నుంచి వెనక్కి వచ్చేయండి. అన్నీ బాగుంటే, స్వారీ పాఠాలతో పాటు స్టేబుల్ పని కూడా నేర్పమని అడగండి. పని చేసేవారికి పాఠాల ఫీజు తగ్గించే చోట్లు ఉన్నాయి. వార్షిక పరీక్షలు, ఎంట్రన్సులు అయిపోయాకే పంపండి. ఎండ బాగా ముదిరే కాలం కాబట్టి తెల్లవారుజామునే పని ముగిసే చోటు చూసుకోండి. అమ్మాయికి ధనుర్వాతం టీకా వేయించి, మడమ ఉన్న గట్టి బూట్లు కొనిపెట్టి పంపండి. నగరంలో ఉండడానికి మీ బంధువుల ఇల్లు ఏ వైపు ఉందో చెబితే, ఆ దగ్గరలో నాకు తెలిసిన నాల్‌బంద్‌ను అడిగి ఏ స్కూలులో గుర్రాలను బాగా చూసుకుంటున్నారో కనుక్కుని చెబుతాను.